నల్ల కిటికీ లేకుండా

పదకొండు దాటి ఐదు నిమిషాలు. కుబాన్ కారు పన్నెండుకి. కుబాన్ పన్నెండంటే పన్నెండే, కన్నతల్లి చెప్పులు వెతుక్కుంటున్నా ఆగడని మా కొండ ఊరు ఆత్-బాషీ అంతా చెప్పుకుంటుంది, కాబట్టి నా దగ్గర ఉన్నది యాభై అయిదు నిమిషాలు, కాదు, ఈ గోడ గడియారం రెండు నిమిషాలు వెనక నడుస్తుంది, యాభై మూడు. ఈలోగా నేను రాసిన ప్రోగ్రాంని ఒకే ఒక్క మూటగా కట్టి చిటికెనవేలంత ఫ్లాష్ డ్రైవులో పెట్టాలి. ఏ కంప్యూటర్లో పెట్టినా, అక్కడ ఏమున్నా లేకపోయినా, రెండుసార్లు నొక్కగానే గీసుకునే తెల్లటి పలక తెరుచుకోవాలి. వెనకాల, ప్రోగ్రాం తన మాటలు అక్షరాల్లో చెప్పుకునే నల్ల కిటికీ రాకూడదు. అది వచ్చిందంటే మా వదిన కంప్యూటర్ ముందు కూర్చోదు. కూర్చోకపోతే గీయదు. చెయ్యి వణకడం మొదలయ్యేదాకా ఆమె గీయని రోజు ఈ నలభై తొమ్మిదేళ్ళలో నేను ఒక్కటి కూడా చూడలేదు, తన భర్త పోయిన రోజు తప్ప, ఆ రోజు కూడా సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని బూడిదలో వేలితో ఏదో గీస్తుంటే తలుపు సందులోంచి చూసి, చూడనట్టు వెళ్ళిపోయాను.

ఇప్పుడు కూడా పొయ్యి పక్కనే ఉంది. ప్రయాణం కోటు వేసుకుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని, ఉప్పు వేసిన పాల చాయ్ గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. గిన్నె వణుకుతోంది. గుండెకి ఈ ఎత్తు పనికిరాదు, ఇంకో చలికాలం ఇక్కడ గడపవద్దు, కిందికి దిగిపోండి అన్నాడు డాక్టరు, అందుకని తలాస్‌లో కూతురి దగ్గరికి. అక్కడ చలి తక్కువట, ఎటు చూసినా చిక్కుడు తోటలట. కూతురింట్లో ఒక కంప్యూటర్ కూడా ఉందట, మనవరాలు పెళ్ళయి వెళ్ళాక దాని మీద గుడ్డ కప్పేసి చిక్కుడు గింజల బస్తా ఆనించి పెట్టారట. బస్తా తీయించు, గుడ్డ తీయించు, మిగతాది నా మూట చూసుకుంటుంది అని ఫోన్లో చెప్పాను. చెప్పినప్పుడు మూట ఇంకా నా బుర్రలోనే ఉంది. నేను ఎప్పుడూ ఇంతే, ముందు మాట ఇచ్చేస్తాను, తరవాత భయపడతాను.

"ఏమే, ఉడికిందా?" అంది వదిన.

"ఇంకా లేదు వదినా."

"ఎన్ని కట్టెలు పెట్టావు?"

"పెద్దమ్మా, అది కట్టెలతో ఉడికేది కాదు," అంది జీబెక్, దారం పళ్ళతో తెంపుతూ. ఈ పనిగది జీబెక్‌ది. నలభై రెండేళ్ళ మనిషి, మా అందరి చేతా ఉన్ని తొక్కించి, కోయించి, కుట్టించి, షిర్దాక్‌లు, అంటే నేల మీద పరిచే ఉన్ని తివాచీలు, తయారుచేయించేది ఆమే.

"కరెంటుతో ఉడికేది నాకు అరగదమ్మా. అయినా మా తమ్ముడి పెళ్ళాం వండింది ఏదైనా తినడం నాకు అలవాటేలే. పెళ్ళయిన కొత్తలో వండిన నూడుల్స్ ఇంకా ఇక్కడే ఉన్నాయి," అని గుండె మీద తట్టి చూపించింది. "డాక్టరుకి తెలియక గుండెజబ్బు అన్నాడు."

జీబెక్ సూది జారిపోయేంత నవ్వింది. నేను కూడా నవ్వాను, కళ్ళు మాత్రం తెర మీదే. తెర మీద నల్ల కిటికీలో తెల్లటి వరసలు పైకి పాకుతున్నాయి. నల్ల కిటికీ లేని మూట కట్టమని ఆజ్ఞ ఇవ్వాలన్నా నల్ల కిటికీలోనే ఇవ్వాలి, దానికి ఇది తెలుసో లేదో పాపం, బుద్ధిగా తన పని తాను చేసుకుపోతోంది.

నేను ఆమెని తెల్లరుమాలు వదినా అని పిలుస్తాను. కోడలిగా గుర్రం దిగిన రోజు నా కంటికి మొదట కనబడింది ఆమె తలకి కట్టుకున్న తెల్ల రుమాలు, ఆ రోజే ఆ పేరు పెట్టాను. అత్తింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు, మామగారిదీ కాదు, అత్తగారిదీ కాదు, భర్త అన్నలదీ అక్కలదీ కాదు, ఎవరికి వాళ్ళకి ఒక మారుపేరు చూసి పెట్టుకోవాలి, చక్కగా కుదిరితే కోడలు తెలివైనదంటారు. అందరూ పోయారు, మామగారు, అత్తగారు, బావగార్లు, ఆ పేర్లు పలికినా వినేవాళ్ళు లేరు, అయినా నా నాలుక తిరగదు. వదిన అసలు పేరు ఒక పండు పేరుతో మొదలవుతుంది. అందుకని నేను బజారులో ఆ పండు పేరు కూడా అనను, ఆ ఎర్రగింజల కాయలు రెండు ఇవ్వు నాయనా అంటాను, దక్షిణం నుంచి లారీలో వచ్చే వ్యాపారి ప్రతి ఏడాదీ ఏ కాయలూ ఏ కాయలూ అని నన్ను ఆటపట్టిస్తాడు. పైకి చదివేటప్పుడు పుస్తకంలో ఆ మాట వస్తే నాకు సరిగ్గా అక్కడే దగ్గు వస్తుంది.

పుస్తకాలు. నాకు బడి ఎనిమిదో తరగతితో సరి. మిగతా చదువంతా ఊరి గ్రంథాలయం పొయ్యి దగ్గర. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ పొయ్యిలో బొగ్గు వేశాను, నేల తుడిచాను, తుడిచిన నేల ఆరేదాకా చదివాను. శీతాకాలంలో నేల తొందరగా ఆరదు, అది నా అదృష్టం. తేనెటీగల పెంపకం చదివాను, ఓడల చరిత్ర చదివాను, నేను సముద్రం చూడలేదు. ఒకరోజు లారీ వచ్చి పుస్తకాలన్నీ జిల్లాకి తీసుకుపోయింది. నేను బూడిద పారబోయడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి అరలు ఖాళీ. నాకు వీడ్కోళ్ళు ఎప్పుడూ అలాగే జరుగుతాయి, నేను అటు తిరిగి ఉన్నప్పుడు. పెళ్ళినాడు కనుమ దగ్గర నిలబడి అమ్మ చాలాసేపు చెయ్యి ఊపిందట, నేను గుర్రం జూలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మావారు ఆసుపత్రికి బయలుదేరుతూ, టోపీ చేత్తో పట్టుకుని, సాయంత్రానికి వచ్చేస్తాలే అన్నారు, పొయ్యి పొగ చిమ్ముతోందని నేను వెనక్కి తిరగకుండానే ఊఁ అన్నాను. ఆ ఊఁ ఇంకా నా గొంతులోనే ఉంది. అందుకే ఈవేళ తెర వైపు రెండుసార్లు చూస్తే వదిన వైపు ఒకసారి చూస్తున్నాను, ఉంది, అక్కడే ఉంది, బొత్తాలు పెట్టుకుని.

"నన్నెందుకే అలా దొంగచూపులు చూస్తావు? నీ చాయ్ గిన్నెలేం ఎత్తుకుపోను."

"పాపం ఆవిడకి మిమ్మల్ని వదలాలని లేదు పెద్దమ్మా," అంది జీబెక్.

"నాకు తెలుసులే. నేను పోతే ఆవిడ కుట్లు వంకరని చెప్పేవాళ్ళు ఉండరు. అదీ సంతోషం."

వంకర అంటే గుర్తొచ్చింది, చేతులు. రెండేళ్ళ కిందటి దాకా వదిన గీసే తీరు చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. తొక్కి అదిమిన ఉన్ని పట్టాలు రెండు, ఎరుపూ నలుపూ అనుకోండి, ఒకదాని మీద ఒకటి పరిచి, సుద్దముక్క పట్టుకుని మోకాళ్ళ మీద వంగి, కొలతా లేదు కాగితమూ లేదు, పొట్టేలు కొమ్ము ఇక్కడ మొదలుపెట్టి అక్కడికి తీసుకుపోయి తిప్పేది, ఆ నాలుగు మూలలూ అద్దంలో చూసుకున్నట్టు ఉండేవి. గీసిన గీత మీద కత్తితో రెండు పట్టాలూ ఒకేసారి కోసేవాళ్ళం, ఎర్రకొమ్ము నల్లదాంట్లో, నల్లకొమ్ము ఎర్రదాంట్లో ఇమిడిపోయేది, పిసరు కూడా వృథా కాదు, ఒక కోతకి రెండు షిర్దాక్‌లు. ఆమె గీసేది, నేను కుట్టేదాన్ని. చెయ్యి వణకడం మొదలయ్యాక సుద్దగీత ముళ్ళకంపలా వచ్చింది. ఒకరోజు సుద్దముక్క పొయ్యిలో పడేసి, ఇక చాలమ్మా, కొమ్ములున్న పొట్టేలుకే నా గీత చూసి సిగ్గేస్తోంది అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు ఇంటికెళ్ళేదాకా కూడా నిలవలేదు నాకు.

అప్పుడు దొరికింది ఆ పుస్తకం. బడివాళ్ళు పొయ్యి రాజెయ్యడానికి పక్కన పెట్టిన కట్టలో ఉంది, వెనక అట్ట లేదు, కంప్యూటర్ చేత పని చేయించడం ఎలాగో పిల్లలకి చెప్పే పుస్తకం. పైథాన్ అనే భాష, వాక్యాలు చిన్నవి, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. నాకు నచ్చింది. పట్నంలో చదివే జీబెక్ కూతురు తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చేసింది. రెండు చలికాలాలు పట్టింది. వదిన చెయ్యి ఎంత వణికినా పరవాలేదు, మౌసుతో చుక్కలు పెడితే చాలు, చుక్కలని సాఫీ అయిన వంపుగా ప్రోగ్రామే కలుపుతుంది, ఒక మూలన గీస్తే మిగతా మూడు మూలలూ అదే గీస్తుంది, ఒక మీట నొక్కితే రెండు రంగులూ తారుమారవుతాయి, జోడు షిర్దాక్ ఎలా ఉంటుందో కనబడుతుంది. తలాస్‌లో ఆమె గీస్తే కూతురు ఫోనుతో ఫొటో తీసి పంపుతుంది, ఇక్కడ మేం కోస్తాం. ఇంత చెప్పగానే వదిన ఏమందో తెలుసా, అయితే నీ వంకర కుట్లు అక్కడి నుంచి కూడా చూడాలన్నమాట అంది.

కానీ ఫిబ్రవరిలో మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు జరిగింది అది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా గీసింది, కొమ్ములోంచి కొమ్ము, వాటి మధ్య కాకిగోరు గుర్తు, నేను ఎప్పుడూ చూడని నమూనా. గీస్తూ గీస్తూ వెనకాల ఉన్న నల్ల కిటికీ చూసింది. అడ్డమైన కుక్కలా వెనక కూర్చుని చూస్తోందేంటే ఇది అని, మూలన ఉన్న గుణకారం గుర్తు నొక్కి దాన్ని మూసేసింది. తెల్ల పలక కూడా మూసుకుపోయింది. పొద్దున్నించీ గీసినది మొత్తం పోయింది.

"నేనే చంపానా?" అంది, చెయ్యి వెనక్కి తీసుకుని.

"మీరు దాని నోరు మూశారు వదినా. ఊపిరి కూడా దాంట్లోంచే పీలుస్తుంది."

"అయితే ముక్కు ఇంకెక్కడైనా పెట్టించు. ఆ నల్లనోరు కనబడితే మాత్రం నేను కూర్చోను."

నిజం చెప్పాలంటే నాకు నల్ల కిటికీ ఇష్టం. అది నాతో మాట్లాడుతుంది. ఇప్పుడు ఇది చేస్తున్నా, ఇప్పుడు అది చేస్తున్నా, ఫలానా వరసలో తప్పు ఉంది చూసుకో అంటుంది. ఆగిపోయేటప్పుడు కూడా ఎందుకు ఆగిపోతున్నదో చెప్పి ఆగిపోతుంది. మనుషుల్లో అలా చెప్పి వెళ్ళినవాళ్ళు నాకు తక్కువ. దాన్ని తీసెయ్యడమంటే లోపల ఏం జరుగుతున్నా తెలియదన్నమాట, అది నా లాంటి మనిషికి కష్టం. అయినా వదిన కోసం, తీసెయ్యమనే చిన్న మాట, గీతలు రెండు పెట్టి రాసే మాట, ఆజ్ఞ చివర చేర్చాను. పుస్తకంలో అది లేదు, గ్రంథాలయం పోయినా ఫోను ఉంది కదా, ఎవరో రష్యాలో రాసినది చదివి నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.

వరసలు ఆగాయి. పూర్తయింది అంది నల్ల కిటికీ. పదకొండు పద్దెనిమిది. మూటని ఫ్లాష్‌లో వేసుకుని జీబెక్ బల్ల మీది పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాను. దాంట్లో పైథాన్ లేదు, ఏమీ లేదు, తలాస్‌లో ఉన్నదానికి కవలపిల్ల లాంటిది, దీని మీద నడిస్తే అక్కడా నడుస్తుంది. రెండుసార్లు నొక్కాను. బాణం గుర్తు పక్కన చక్రం తిరిగింది. తిరిగింది. ఒక చిన్న పెట్టె వచ్చి, నడవలేదు, అంది. ఎందుకో చెప్పలేదు. సరే అనే మీట ఒకటి ఉంది, నొక్కితే అదీ పోయింది. తెర మీద ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ లేనట్టు.

"ఏమైంది?" అంది వదిన.

"ఏం లేదు వదినా, ఉప్పు చూస్తున్నా."

నా ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మూటలో నడవదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఈ ఎత్తు నాకు కూడా పడదేమో, నేను కూడా తలాస్ పోవాలేమో, నవ్వొచ్చింది. నిదానం. చదివినది గుర్తు తెచ్చుకో. ఏమైందో తెలియకపోతే అదే మూటని నల్ల కిటికీతో కట్టి చూడు, దాని నోటితో అదే చెబుతుంది అని ఎవరో రాశారు. ఆ చిన్న మాట తీసేసి మళ్ళీ ఆజ్ఞ ఇచ్చాను. వరసలు మళ్ళీ పాకాయి. ఐదు నిమిషాలు ఎంత పొడుగు. కిటికీ బయట వీధంతా కరిగిన మంచు, బురద, ఒక గాడిద ఆ బురదని తప్పించుకుంటూ అచ్చం వదినలాగే విసుక్కుంటూ నడుస్తోంది. కుబాన్ వచ్చేశాడు, తలుపు తోసుకుని, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ.

"అనార్కన్ పెద్దమ్మా! సామాను ఎక్కించేస్తున్నా. ఈ చుట్ట ఏంటి, షిర్దాకా? ఇంకో మనిషి సీటు తినేస్తుంది ఇది."

"నీ కడుపు తినేదానికన్నా తక్కువేలే. ఎక్కించు."

అతను అనగలడు ఎర్రగింజల కాయతో మొదలయ్యే ఆ పేరు, అతనికి ఆమె ఏమీ కాదు. నేను విన్నాను, దగ్గాను.

రెండో మూట సిద్ధం. జీబెక్ కంప్యూటర్లో నొక్కాను. నల్ల కిటికీ వచ్చింది, నా ప్రాణం లేచి వచ్చింది, అది ఎప్పటిలాగే ఒక్క మాట అడిగి ఎదురుచూస్తూ నిలబడింది. పేరు?

అదీ సంగతి. అదిగో. నేను కుర్చీలో కూలబడ్డాను. ప్రతి నమూనాకీ కుడివైపు కింది మూలన గీసినవాళ్ళ పేరు పడాలని నేను పెట్టుకున్న పట్టు. యాభై ఏళ్ళుగా వదిన గీసినవి ఎన్ని ఇళ్ళలో, ఎన్ని దేశాల్లో పరిచి ఉన్నాయో, ఒక్కదాని మీద ఆమె పేరు లేదు. సరే, పేరు వెయ్యాలి. కానీ ఆ పేరు ప్రోగ్రాంలో రాయాలంటే నా వేళ్ళు రాయాలి. నాలుకకి లేనిది వేళ్ళకి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని ఉపాయం పన్నాను, మొదలవగానే ప్రోగ్రామే పేరు అడుగుతుంది, ఎవరో ఒకరు కొడతారు, నాకు పాపం అంటదు. ఫిబ్రవరిలో జీబెక్ కొట్టింది. అడగడానికీ వినడానికీ దానికి ఉన్నది నల్ల కిటికీ ఒక్కటే. అది తీసేస్తే ప్రశ్న అడిగే చోటు లేదు, జవాబు వచ్చే దారి లేదు, అందుకని గుమ్మంలోనే పడిపోయింది. ప్రపంచంలో ఎంతమంది ప్రోగ్రాంలు రాసి ఉంటారు, ఎన్ని తప్పులు చేసి ఉంటారు, ఆడపడుచు పేరు అనలేక మూట చెడగొట్టుకున్నదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంటాను. నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను.

"పిన్నీ, నువ్వు బాగానే ఉన్నావా?" జీబెక్ లేచి వచ్చింది. చెవిలో చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంతేనా! జరుగు, నేను కొట్టేస్తా. నాకేం అడ్డు? రెండు నిమిషాలు."

పదకొండు ముప్ఫై ఆరు. ఆమె చెయ్యి మీటల మీదికి రాబోతోంది. వద్దు, అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆమె కొడితే పని అయిపోతుంది. కుబాన్ పిలుస్తాడు, పోస్టావిడ పిలుస్తుంది, ఆసుపత్రి కాగితం మీద ఎవరో నర్సు రాస్తుంది, ఇప్పుడు జీబెక్ కొడుతుంది, ఆమె పక్కన నలభై తొమ్మిదేళ్ళు కూర్చుని ఆమె గీసినదాన్ని కుట్టినదాన్ని నేను. వదిన అడిగితే? అడగాలా? పెద్దదాని పేరు రాయడానికి పెద్దదాని అనుమతి తీసుకోవాలేమో. అడిగితే ఏదో హాస్యం ఆడుతుంది, నేను వెనక్కి తగ్గుతాను, నాకు నేను తెలుసు. అడగలేదు. ప్రశ్న రాసిన వరస చెరిపేశాను. దాని చోట సమానం గుర్తు పెట్టాను, మాటకి అటూ ఇటూ ఉండే రెండు కొక్కేలు పెట్టాను, వాటి మధ్య ఖాళీలో నిలువు గీత మినుకుమినుకుమంటోంది.

మా లిపిలో ఏడక్షరాలు. మొదటిది కొట్టి వదిన వైపు చూశాను, పైకప్పు కూలుతుందేమో అన్నట్టు. చాయ్‌లో రొట్టె ముంచుకుంటోంది. రెండోది. మూడోది. పండు పేరు పూర్తయింది నాలుగోదానితో, ఒక్కసారిగా నోరంతా పుల్లగా, తియ్యగా నీళ్ళూరింది. ఇన్నేళ్ళుగా తిన్నది ఇదా? అయిదు, ఆరు. ఏడోది కొట్టాక పైనుంచి మళ్ళీ చదువుకున్నాను, పెదవులు కదపకుండా. ఎంత చిన్న పేరు. ఎంత చక్కటి పేరు. అత్తగారు ఎంత ముచ్చటపడి పెట్టుకుని ఉంటారు, ఎర్రగా పుట్టి ఉంటుంది, పిడికిలి బిగించుకుని. నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు, పేరే అనలేనిదాన్ని ఆ పేరు ఎందుకు పెట్టారని ఎలా అడుగుతాను.

నల్ల కిటికీ వద్దనే చిన్న మాట మళ్ళీ చేర్చాను. మూట కట్టు అన్నాను. వరసలు పాకుతుంటే జీబెక్ నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. పదకొండు నలభై నాలుగు. ఫ్లాష్. జీబెక్ కంప్యూటర్. రెండుసార్లు నొక్కాను.

తెల్లటి పలక. నిండా తెలుపు. వెనక ఏమీ లేదు, పక్కన ఏమీ లేదు, నేను కిటికీని పక్కకి జరిపి కూడా చూశాను, నల్లపిసరు లేదు.

"వదినా! రండి, రండి, ఉడికింది!"

వదిన కోటుతోనే వచ్చి కూర్చుంది. మౌసు పట్టుకుంది, దాని మీద చెయ్యి పిట్టలా అదురుతోంది. ఒక చుక్క పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. వంపు లేచింది, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు ఒక్కసారే చుట్టలు విప్పుకున్నాయి, ఒక్క వణుకు లేదు ఏ గీతలోనూ. వదిన వెనక్కి వంగి తల పక్కకి పెట్టి చూసింది, మంచి కోత చూసినప్పుడు చూసే చూపు అది, రెండేళ్ళయింది నేను దాన్ని చూసి. మీట నొక్కాను, ఎరుపు నలుపైంది, నలుపు ఎరుపైంది.

"ఓసి నీ దుంపతెగా," అంది మెల్లగా. "నా చేతులు ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ?"

తరవాత కుడివైపు కింది మూల చూసింది. ముఖం తెర దగ్గరగా పెట్టింది. ఒక్కొక్క అక్షరమే చదువుకుంది.

"ఇది ఎవరు కొట్టారు?"

"నేను కాదు బాబూ," అంది జీబెక్ రెండు చేతులూ పైకెత్తి.

నేను తలొంచుకున్నాను. చెప్పాలి, మీ తమ్ముడు ఉంటే నన్ను తిట్టేవారు, అత్తగారు ఉంటే చెంప వాయించేవారు, తప్పే, కానీ నల్ల కిటికీ తీసేశాక ఇంకో దారి లేదు వదినా, ఉంది, ఇంకో దారి ఉంది, జీబెక్ ఉంది, నేనే వద్దన్నాను. ఇదంతా నోట్లోనే ఉండిపోయింది.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"కోపమా!" వదిన మౌసు వదిలేసి నా మోకాలి మీద చెయ్యి వేసింది. "అమ్మ పిలిచేది ఈ పేరుతో. తమ్ముడు చిన్నప్పుడు అక్కా అనేవాడు కాదు, పేరు పెట్టే పిలిచేవాడు, తన్నులు తినేవాడు. వాళ్ళు పోయాక మనింట్లో ఈ పేరే లేకుండా పోయింది. తెల్లరుమాలు, తెల్లరుమాలు. రుమాలు ఎన్నిసార్లు మార్చానో, అయినా నేను రుమాలునే. కుబాన్‌గాడు పిలుస్తాడు, వాడికి నేను ఒక సీటు." మళ్ళీ తెర వైపు చూసింది. "మా కోడలు పిల్లకి చదువు బాగా వచ్చిందే. మరి రాసినదానివి, పైకి చదువు."

నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. నిజమైన దగ్గే, ఆపితే ఆగనిది. వదిన పడీ పడీ నవ్వింది, కుబాన్ బయట హారన్ మోగించాడు, మేం ముగ్గురం ఒకేసారి లేచాం, రొట్టెల మూట ఏదీ, మందులు ఏవీ, కళ్ళజోడు, ఉంది, ముక్కు మీదే ఉంది. వాకిట్లో ఆమెని పట్టుకున్నాను, కోటులోంచి ఉన్నివాసన, పొగవాసన, బొత్తాలు నా గుండెకి గుచ్చుకున్నాయి. ఈసారి నేను అటు తిరగలేదు. కారు ఎక్కడం చూశాను, మోకాలు ఎత్తలేక విసుక్కోవడం చూశాను, తలుపు పడటం చూశాను, వెనక అద్దంలోంచి చెయ్యి ఊపడం చూశాను, కళ్ళు మూసుకోలేదు, పొయ్యి పొగ చిమ్మితే చిమ్మనీ. కారు కదిలింది. నాకు ఆశ్చర్యంగా ఏడుపు రాలేదు, ఏదో పెళ్ళివారిని సాగనంపినట్టు ఉంది.

"పిన్నీ!" లోపలినుంచి జీబెక్ కేక. "ఫ్లాష్! ఫ్లాష్ ఇక్కడే ఉంది!"

అయ్యో నా బుద్ధి. మూట కట్టి మూట ఇవ్వలేదు. జీబెక్ దాన్ని పీకి నా చేతిలో పెట్టిందో నేనే లాక్కున్నానో, రబ్బరు జోళ్ళు కూడా తొడుక్కోకుండా బురదలోకి దిగేశాను. డెబ్భై రెండేళ్ళు నాకు. పరుగెత్తాను. కారు పోస్టాఫీసు దాటుతోంది, అద్దాలు వేసి ఉన్నాయి, లోపల కుబాన్ పాటలు పెట్టుకుని ఉంటాడు, పన్నెండంటే పన్నెండు. తెల్లరుమాలు వదినా, అని అరిచాను. వీధిలో వెళుతున్న ఇద్దరు ముసలమ్మలు, ఇద్దరికీ తెల్ల రుమాళ్ళే, ఆగి నా వైపు చూశారు. కారు మాత్రం ఆగలేదు. ఇంకో నలభై అడుగుల్లో మలుపు, మలుపు దాటితే పెద్దరోడ్డు. ఊపిరి అందడం లేదు, పిడికిట్లో ఫ్లాష్ వేడిగా ఉంది, దాంట్లో ఆమె చేతులు ఉన్నాయి, ఆగు, ఆగు, కనుమ దగ్గర అమ్మా ఆగు, టోపీ చేత్తో పట్టుకుని మీరు కూడా ఒక్క నిమిషం ఆగండి, నేను ఇటే తిరిగి ఉన్నాను,

"అనార్కన్!"

ఎవరి గొంతో అనుకున్నాను. కొండకి తగిలి తిరిగి వచ్చింది.

"అనార్కన్! అనార్కన్!"

కారు వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి. బురద చిమ్ముకుంటూ ఆగింది. నేను చేరుకునేసరికి వదిన కుబాన్ భుజం మీద ఇంకా కొడుతూనే ఉంది. కిటికీ అద్దం కిందికి దిగింది. నేను రొప్పుతూ ఫ్లాష్ లోపలికి చాచాను, వదిన దాన్ని తీసుకోలేదు. నా మట్టికాళ్ళు చూసింది, ముఖం చూసింది, చెవి మీది రుమాలు మెల్లగా పక్కకి జరుపుకుంది.

"వినబడలేదే," అంది. "ఇంకోసారి పిలు."